స్కాట్లాండ్‌లో విస్కీ డిస్టిలరీ చూడటానికి ఏది ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడిన్‌బరో కోట చూడటానికి వచ్చినవాళ్ళు, గ్లాస్గోలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు, విస్కీ కోసమే ఐలా దీవి దాకా వెళ్ళేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి. చాలామంది తమకు నచ్చిన సీసా మీది పేరు చూసి డిస్టిలరీని, అంటే విస్కీ కాచే చోటును, ఎంచుకుంటారు. ఎక్కువ నిరాశలు అక్కడే మొదలవుతాయి. లోపల ఏం చూపిస్తారు, అక్కడికి ఎలా వెళ్ళి ఎలా తిరిగొస్తారు అన్నవి చూసుకుని ఎంచుకుంటే డబ్బూ సమయమూ వృథా కావు.

ఇన్ని డిస్టిలరీల్లో ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి?

స్కాట్లాండ్‌లో ఇప్పుడు నడుస్తున్న డిస్టిలరీలు 140 పైనే. అన్నీ సందర్శకులను రానివ్వవు. మోర్ట్‌లాక్, లింక్‌వుడ్ లాంటి పేరున్న డిస్టిలరీలకు సందర్శక కేంద్రాలే లేవు. గేటు దాకా వెళ్ళి ఫొటో తీసుకుని తిరిగి రావాల్సిందే. అందుకే ముందు ఆ డిస్టిలరీ వెబ్‌సైట్‌లో టూర్ బుకింగ్ ఉందో లేదో చూడండి.

తరువాత చూసుకోవాల్సింది మీ దగ్గర ఎన్ని రోజులున్నాయన్నది. ఒక్క రోజే ఉంటే ఎడిన్‌బరో, గ్లాస్గో చుట్టుపక్కల దాటి వెళ్ళకండి. రెండు మూడు రోజులుంటే స్పేసైడ్ వెళ్ళొచ్చు. ఐలాకు రానుపోను ప్రయాణం కలుపుకుని కనీసం నాలుగు రోజులు కావాలి. ఆ తరువాత కారు ఎవరు నడుపుతారో తేల్చుకోండి. ఈ రెండూ తేలితే 140 పేర్లు పదికి తగ్గుతాయి. ఆ పదిలో మీకు నచ్చే రుచిని బట్టి ఎంచుకోండి.

ప్రాంతాన్ని బట్టి రుచి మారుతుందంటారు. దాన్ని బట్టి ఎంచుకోవచ్చా?

కొంతవరకే. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు ఐదు ప్రాంతాలను గుర్తించాయి: హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, క్యాంప్‌బెల్‌టౌన్, ఐలా. స్కై లాంటి దీవులు చట్టం లెక్కలో హైలాండ్‌లోకే వస్తాయి. ఐలా అంటే పొగవాసన, స్పేసైడ్ అంటే పండ్ల తీపి అని అందరూ చెప్పేమాటే. కానీ ఐలాలోనే బ్రూక్‌లాడీ పేరుతో వచ్చే విస్కీకి పొగ ఉండదు, బునహావెన్‌లోనూ ఎక్కువ భాగం పొగలేనిదే. స్పేసైడ్‌లో ఉన్న బెన్‌రోమాక్‌లో మాత్రం సన్నటి పొగ తగులుతుంది.

పొగ ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ మండిస్తారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు, గడ్డి. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెడతారు. ఆ పొగలోని ఫినాల్స్ అనే రసాయనాలు గింజకు పడతాయి. దీన్ని పీపీఎంలలో, అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని, కొలుస్తారు. బొమోర్‌కు సుమారు 25, లగవూలిన్‌కు 35 ప్రాంతం, ఆర్డ్‌బెగ్‌కు 55 ప్రాంతం అని చెబుతారు. ఇవి బార్లీలో కొలిచిన అంకెలు. సీసాలోకి వచ్చేసరికి అందులో చాలా భాగం పోతుంది. అందుకని అంకె రెండింతలుంటే పొగ కూడా రెండింతలు ఉంటుందనుకోకండి.

మీ ఇంట్లో ఎవరికైనా పొగవాసన పడదంటే, వాళ్ళను తీసుకుని ఐలా దక్షిణ తీరానికి వెళ్ళకండి. అక్కడ గాలిలోనే ఆ వాసన ఉంటుంది.

ఎడిన్‌బరోలో ఒక్క రోజే ఉన్నాం. ఏం చూడొచ్చు?

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. కోట పక్కనే ఉన్న స్కాచ్ విస్కీ ఎక్స్‌పీరియన్స్, ప్రిన్సెస్ స్ట్రీట్‌లోని జానీ వాకర్ భవనం రెండూ డిస్టిలరీలు కావు, అక్కడ విస్కీ కాచరు. మొదటిదాంట్లో 3,384 సీసాల సేకరణ ఉంది, అదొక్కటీ చూడటానికైనా వెళ్ళొచ్చు. అసలు కాచే చోటు చూడాలంటే ఊళ్ళోనే హోలీరూడ్ డిస్టిలరీ ఉంది. లీత్ రేవులో పోర్ట్ ఆఫ్ లీత్ డిస్టిలరీ 2023లో తెరిచారు. అక్కడ పని పై అంతస్తులో మొదలై ఒక్కో మెట్టూ కిందికి దిగుతుంది. అందువల్ల ఏ దశ తరువాత ఏది వస్తుందో మొదటిసారి చూసేవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది.

నగరం దాటి వెళ్ళగలిగితే మా ఓటు గ్లెన్‌కించీకి. ఎడిన్‌బరోకు ఆగ్నేయంగా సుమారు 25 కిలోమీటర్లు, చుట్టూ పొలాలు. 1924 వెంబ్లీ ప్రదర్శన కోసం తయారుచేసిన డిస్టిలరీ నమూనా అక్కడి మ్యూజియంలో ఉంది. అసలు యంత్రాల దగ్గరికి వెళ్ళేముందు ఆ నమూనా ముందు పది నిమిషాలు నిలబడితే మిగతా టూరంతా తేలిగ్గా తలకెక్కుతుంది.

గ్లాస్గోలో దిగినవాళ్ళకు నది ఒడ్డున క్లైడ్‌సైడ్ ఉంది. ఊరి శివార్లలోని ఆకెన్‌టోషన్‌లో మూడుసార్లు కాచుతారు. స్కాట్లాండ్‌లో మామూలు పద్ధతి రెండుసార్లే.

కారు లేకుండా వెళ్ళగలమా?

వెళ్ళొచ్చు, పైగా అదే మంచిది. రైలు దిగి నడిచి చేరుకోగల డిస్టిలరీలు కొన్ని ఉన్నాయి.

గ్లాస్గో నుంచి ఓబన్‌కు రైలులో సుమారు మూడు గంటలు. ఓబన్ డిస్టిలరీ ఊరి నడిబొడ్డున, స్టేషన్‌కు కొద్ది నిమిషాల నడకలో ఉంది. 1794లో మొదలైంది, లోపల ఉన్నవి రెండే రాగి కాగులు. పెర్త్ నుంచి ఇన్వర్‌నెస్ వెళ్ళే దారిలో పిట్లోక్రీలో దిగితే బ్లెయిర్ ఆథల్ నడక దూరమే. అదే దారిలో డాల్‌విన్నీ కూడా ఉంది, కానీ అక్కడ ఆగే రైళ్ళు తక్కువ. తిరుగు రైలు సమయం చూసుకోకుండా దిగితే ఎత్తైన ఆ బయలులో చలిగాలికి గంటలకొద్దీ నిలబడాలి. అబర్‌దీన్–ఇన్వర్‌నెస్ మార్గంలో కీత్‌లో దిగితే 1786 నాటి స్ట్రాత్‌ఐలా, ఫారెస్‌లో దిగితే బెన్‌రోమాక్. రెండూ నడిచి వెళ్ళేంత దగ్గర.

స్పేసైడ్ లోపలి ఊళ్ళకు రైలు లేదు. ఎల్గిన్‌లో దిగి రోత్స్, క్రెగెలాకీ, అబెర్లార్ మీదుగా డఫ్‌టౌన్ వెళ్ళే బస్సు పట్టుకోవాలి. ఆదివారం బస్సులు బాగా తగ్గిపోతాయి.

కారు నడిపేవాళ్ళు కొంచెం రుచి చూడొచ్చా?

వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు.

స్కాట్లాండ్‌లో పరిమితి 2014 డిసెంబరు నుంచి 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాల్. ఇంగ్లండ్‌లో అది 80. లండన్‌లో అద్దెకు తీసుకున్న కారుతో వచ్చి, అక్కడి లెక్కనే నమ్ముకునేవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. దొరికితే కనీసం 12 నెలలు లైసెన్సు రద్దవుతుంది, జరిమానా, నేర నమోదు కూడా ఉంటాయి. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకు ఇది మామూలు చిక్కు కాదు.

లెక్క చూడండి. బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 10 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్. 40 శాతం విస్కీ 25 మి.లీ. అంటే ఒక యూనిట్. మన చిన్న పెగ్గు 30 మి.లీ. కాబట్టి ఇది దానికంటే కొంచెం తక్కువే. కానీ పీపా నుంచి నేరుగా తీసే విస్కీ 57, 58 శాతం ఉంటుంది. అలాంటివి 20 మి.లీ. చొప్పున ఐదు తాగితే దాదాపు ఆరు యూనిట్లు. ఒక యూనిట్ కరగడానికి శరీరానికి సుమారు గంట పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి తాగిన మనిషి రాత్రి భోజనానికి కూడా కారు తీయకూడదు.

నడిపేవాళ్ళ వాటాను చిన్న సీసాల్లో పోసి ఇచ్చే పద్ధతి చాలా డిస్టిలరీల్లో ఉంది. దీన్ని ‘డ్రైవర్స్ డ్రామ్’ అంటారు. టూర్ మొదట్లోనే “నేను నడుపుతున్నాను” అని గైడ్‌కు చెబితే చాలు. రాత్రి బసకు చేరాక తీరిగ్గా రుచి చూడొచ్చు.

స్పేసైడ్‌లో ఎక్కడ దిగాలి, ఏవి చూడాలి?

ఎడిన్‌బరో నుంచి కారులో మూడు గంటలకు పైనే. డఫ్‌టౌన్, అబెర్లార్, క్రెగెలాకీ మూడూ దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్ళు. వీటిలో ఏదో ఒకచోట రెండు రాత్రులు దిగండి.

మొదటిసారి అయితే డఫ్‌టౌన్‌లోని గ్లెన్‌ఫిడిక్. 1969లోనే సందర్శకులకు తలుపులు తెరిచిన డిస్టిలరీ ఇది. జనం ఎక్కువ, ఏర్పాట్లు పెద్దవి, మర్యాద బాగుంటుంది. దాని పక్కనే ఉన్న బాల్వెనీ మరో రకం. బార్లీని నేల మీద పరిచి మొలకెత్తించే పాత పద్ధతి అక్కడ ఇంకా బతికుంది, పీపాలు బాగుచేసేవాళ్ళూ ఆవరణలోనే ఉంటారు. గుంపులు చిన్నవి, టికెట్ ఖరీదెక్కువ, చాలా ముందుగా నిండిపోతుంది. రెండింటిలో ఒకటే చూడగలిగితే, డబ్బు సర్దుబాటైతే, బాల్వెనీయే చూడండి.

గ్లెన్‌ఫార్క్లస్ 1865 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. అక్కడ కాగుల కింద నేరుగా మంట పెడతారు. మిగతావాళ్ళు దాదాపు అందరూ లోపలి గొట్టాల్లో ఆవిరి పంపి వేడిచేస్తారు. మకాలన్ కొత్త భవనం 2018లో తెరిచారు. గడ్డి కప్పిన పైకప్పు కింద 36 కాగులు గుండ్రంగా అమర్చి ఉంటాయి. కట్టడాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు దాన్ని వదులుకోకూడదు. విస్కీ తయారీని దగ్గరగా తాకి చూడాలనుకునేవాళ్ళకు మాత్రం అది కొంచెం దూరంగా అనిపిస్తుంది.

డిస్టిలరీ కాకపోయినా తప్పక చూడాల్సింది క్రెగెలాకీలోని స్పేసైడ్ కూపరేజ్. పాత పీపాలను విప్పి, చెడిన పలకలు తీసేసి, లోపల మంటతో కాల్చి, ఇనుప పట్టీలు బిగించే పని పై నుంచి చూడొచ్చు. విస్కీ రంగు, రుచుల్లో పెద్ద వాటా పీపాదే. రెండు టూర్లు ఒకేలా అనిపిస్తున్నాయి అనేవాళ్ళు రెండోదాని బదులు ఇక్కడికి రావాలి. వారాంతాల్లో పని ఉండదు కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం మధ్య పెట్టుకోండి.

ఐలా వెళ్ళాలంటే ఏ వరుసలో బుక్ చేయాలి?

ముందు పడవ, తరువాత బస, చివర డిస్టిలరీ. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. లగవూలిన్ టికెట్ చేతిలో ఉంటుంది, పడవలో కారుకు చోటుండదు.

గ్లాస్గో నుంచి కెనక్రెగ్ రేవు దాకా కారులో రెండున్నర గంటలు. అక్కడి నుంచి కాల్‌మాక్ సంస్థ పడవ ఐలాలోని పోర్ట్ ఎలెన్‌కో పోర్ట్ ఆస్కేగ్‌కో రెండు గంటల పైన తీసుకుంటుంది. కెనక్రెగ్ వెళ్ళే రోడ్డులో ‘రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్’ అనే కనుమ ఉంది. గట్టి వానలకు అక్కడ కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తుంటారు. అందుకని కనీసం గంటన్నర అదనంగా పెట్టుకుని బయలుదేరండి. వేసవిలో కార్లకు చోటు నెలల ముందే అయిపోతుంది, నడిచి ఎక్కేవాళ్ళకు అంత ఇబ్బంది ఉండదు. గ్లాస్గో నుంచి చిన్న విమానంలో ముప్పావు గంటే, కాని పొగమంచుకు ఆగిపోతుంటుంది. గాలి ఎక్కువైతే పడవ కూడా రద్దవుతుంది. ఐలా నుంచి బయటపడిన రోజునే హైదరాబాద్ విమానం ఎక్కేలా మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. మధ్యలో ఒక రాత్రి గ్లాస్గోలో ఉండాలి.

కారు లేకపోతే పోర్ట్ ఎలెన్‌లో దిగండి. అక్కడి నుంచి తూర్పుగా సుమారు ఐదు కిలోమీటర్ల కాలిబాట ఉంది. రోడ్డు పక్కనే వేరుగా వేశారు, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. వరసగా లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ వస్తాయి. 1983లో మూతపడి 2024లో మళ్ళీ తెరుచుకున్న పోర్ట్ ఎలెన్ డిస్టిలరీ ఊళ్ళోనే ఉంది. ప్రపంచంలో విస్కీ కోసం నడిచే దారుల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదని మా నమ్మకం. ఉదయం పదింటికి లఫ్రోయిగ్, మధ్యాహ్నం ఆర్డ్‌బెగ్‌లో భోజనం, తిరుగు దారిలో లగవూలిన్ గోదాములో రుచి చూడటం. ఇంతే పెట్టుకోండి. బస్సులు తక్కువ, ఆదివారం వాటిని అసలు నమ్ముకోకండి.

నేల మీద బార్లీ మొలకెత్తించడం చూడాలంటే లఫ్రోయిగ్, బొమోర్, కిల్‌హోమన్ మూడింటిలో ఒకటి తీసుకోండి. కిల్‌హోమన్ 2005లో మొదలైంది. పొలం మధ్యలో ఉంటుంది, తన బార్లీ కొంత తనే పండించుకుంటుంది. బ్రూక్‌లాడీలో మాల్ట్ రవ్వను వేడినీళ్ళలో కలిపే మూతలేని పాత ఇనుప తొట్టె ఇంకా వాడుకలోనే ఉంది. కల్ ఈలా కాగుల గది కిటికీల్లోంచి ఎదురుగా జురా దీవి కొండలు కనిపిస్తాయి.

మే నెలాఖరులో ఫేష్ ఈలా ఉత్సవం. ఆ వారంలో బస దొరకడమే కష్టం, మామూలు టూర్లు చాలావరకు ఆపేస్తారు. ఉత్సవం కోసం వెళ్ళేవాళ్ళకు అది పండగే, డిస్టిలరీ చూద్దామని వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ వారం తప్పించండి. ఇంకోమాట, ఈ దీవి పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో ‘ఎస్’ వస్తుంది, దాన్ని పలకరు. పడవ టికెట్ వెతికేటప్పుడు ఆ అక్షరం మరచిపోకండి.

టూర్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? లోపల ఏం గమనించాలి?

వీడియో ఎంతసేపు చూపించారు, పనిచేసే యంత్రం ముందు ఎంతసేపు నిలబెట్టారు అన్నదే కొలమానం.

మొదట మాల్టింగ్. మన ఇళ్ళలో రాగిమాల్ట్ కోసం రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తాక ఆరబెట్టడం తెలిసినవాళ్ళకు ఇది చూడగానే అర్థమవుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. మొలక మరీ పెరిగితే ఆ చక్కెర మొక్కే తినేస్తుంది, కాబట్టి సరైన సమయంలో వేడిగాలితో ఆపాలి. నేల మీద పరిచిన బార్లీని కొన్ని గంటలకోసారి తిరగేయకపోతే వేళ్ళు అల్లుకుని చాపలా గట్టిపడుతుంది, లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఇప్పుడు చాలా డిస్టిలరీలు పెద్ద కార్ఖానాల నుంచి మాల్ట్ కొనుక్కుంటాయి. మొత్తం బార్లీని సొంత నేల మీదే మొలకెత్తించేది క్యాంప్‌బెల్‌టౌన్‌లోని స్ప్రింగ్‌బ్యాంక్. అక్కడ మొలక నుంచి సీసాలో నింపడం దాకా ఒకే ఆవరణలో జరుగుతుంది. గ్లాస్గో నుంచి రోడ్డున మూడు గంటల పైన, టికెట్లు చాలా ముందుగా అయిపోతాయి. ఈ విద్య నేర్చుకోవాలన్న తపన ఉన్నవాళ్ళు అన్నిటికంటే ముందు అక్కడికే వెళ్ళాలి.

తరువాత మర. గింజను సుమారు 20 పాళ్ళు పొట్టు, 70 పాళ్ళు రవ్వ, 10 పాళ్ళు పిండిగా విడగొడతారు. పిండి ఎక్కువైతే తొట్టె అడుగున ముద్దకట్టి నీరు దిగదు. రవ్వ ముతకైతే తీపి గింజలోనే ఉండిపోతుంది. పొట్టు వడపోత గుడ్డలా పనిచేస్తుంది. మొదటి నీళ్ళు 64 డిగ్రీల ప్రాంతంలో పోస్తారు. అంతకంటే బాగా వేడెక్కితే ఎంజైములు చచ్చిపోతాయి.

పులిసే తొట్టెల దగ్గర మూత తీసి వాసన చూడమంటారు. తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చకండి. అది కార్బన్ డయాక్సైడ్, ముక్కు మండిపోయి ఆ తరువాత అరగంట దాకా ఏ వాసనా తెలియదు. చేత్తో గాలిని మీవైపు విసురుకుంటే చాలు. ఎన్ని గంటలు పులియబెడతారని అడగండి. 48 గంటల్లో ముగిస్తే గింజ రుచి ముందుంటుంది, 80, 100 గంటలు దాటితే పండ్ల వాసన పెరుగుతుంది. ఇక్కడ తయారయ్యేది 8, 9 శాతం ఆల్కహాల్ ఉండే ద్రవం.

కాగుల గదిలో మొదటి కాగు దాన్ని 20 శాతం దాటిస్తుంది, రెండోది 70 శాతం దగ్గరికి తెస్తుంది. రెండో కాగు నుంచి వచ్చే మొదటి ధారనూ చివరి ధారనూ పక్కకు మళ్ళించి మళ్ళీ కాచుతారు, నడిమి ధారనే పీపాలకు పంపుతారు. తాళం వేసిన ఇత్తడి అద్దాల పెట్టె వెనకాల ఆ ధార కనిపిస్తుంది. నడిమి ధార ఎంత శాతం దగ్గర మొదలై ఎంత దగ్గర ఆగుతుందని అడగండి. పొగ విస్కీ చేసేవాళ్ళు ఆలస్యంగా ఆపుతారు, ఎందుకంటే పొగ రుచి చివర్లోనే ఎక్కువగా వస్తుంది. కాగు మెడ పొడుగ్గా ఉంటే బరువైన ఆవిరి వెనక్కి జారి తేలికైన విస్కీ వస్తుంది, పొట్టిగా ఉంటే చిక్కటిది. డాల్‌విన్నీలో ఆవిరి చల్లార్చడానికి నీళ్ళ తొట్టెలో చుట్టలు తిరిగిన రాగి గొట్టం వాడతారు. ఈ పాత పద్ధతి ఇప్పుడు కొద్ది చోట్లే ఉంది.

చివరగా గోదాము. మట్టి నేల, మందపు రాతి గోడలు, మూడు వరసలకు మించని పీపాలు ఉంటే అది పాత కాలపు గోదాము. చాలా డిస్టిలరీలు కాచిన విస్కీని ట్యాంకర్లలో ఎక్కడో దూరాన ఉన్న గోదాములకు పంపుతాయి. మీరు చూసేది నిజంగా వాడుకలో ఉన్నదా, చూపించడానికి ఉంచినదా అని మొహమాటం లేకుండా అడగండి. మంచి గైడ్ నిజం చెబుతారు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మే మొదటి వారం, ఐలాకైతే మే నెలాఖరు కూడా తప్పిస్తే మే, జూన్, సెప్టెంబర్ మంచివి. మే మొదట్లో స్పేసైడ్ ఉత్సవం ఉంటుంది.

జూలై, ఆగస్టులో ఒక మెలిక ఉంది. చాలా డిస్టిలరీలు ఏటా కొన్ని వారాలు మరమ్మతుల కోసం పని ఆపుతాయి. దీన్ని ‘సైలెంట్ సీజన్’ అంటారు. ఎక్కువగా అది వేసవిలోనే పడుతుంది. టూర్లు నడుస్తూనే ఉంటాయి, టికెట్ ధర తగ్గదు, లోపల మాత్రం కాగులు చల్లగా, తొట్టెలు ఖాళీగా ఉంటాయి. ఆ నెలల్లో ప్రయాణం కుదుర్చుకునేవాళ్ళు ముందుగా ఒక ఈమెయిల్ రాయండి: “మేం వచ్చే రోజున కాచే పని జరుగుతుంటుందా?” అని అడిగితే చాలు.

చలికాలంలో వేళలు కుదిస్తారు, క్రిస్మస్‌కూ జనవరి 1, 2 తేదీల్లోనూ మూసేస్తారు.

రోజుకు ఎన్ని చూడొచ్చు? టికెట్ ఎంత ఉంటుంది?

రెండు. మూడోది పెట్టుకుంటే నాలుక మొద్దుబారిపోయి ఏదీ గుర్తుండదు. ఒక్కో టూర్ గంట నుంచి గంటన్నర. రెంటి మధ్య భోజనం ఉండేలా చూసుకోండి. మొదటిది పూర్తి టూర్ తీసుకుంటే, రెండోచోట గోదాము టేస్టింగ్ మాత్రమే తీసుకోండి. మర, తొట్టె, కాగు కథ ఒకే రోజు రెండుసార్లు వినక్కరలేదు.

మామూలు టూర్ చాలాచోట్ల 15 నుంచి 25 పౌండ్ల మధ్య, రెండు మూడు రుచులతో. గోదాము టేస్టింగులు, పాత విస్కీలు ఉన్నవి 50 పౌండ్ల నుంచి మొదలై ఎక్కడికో వెళ్తాయి. మొదటిసారికి మామూలు టూర్ చాలు. రెండోసారి వచ్చినప్పుడు గోదాముకు ఖర్చుపెట్టండి.

పిల్లలు, తాగనివాళ్ళు వెంట ఉంటే?

రుచి చూడటానికి 18 ఏళ్ళు నిండాలి. లోపలికి మాత్రం చాలా డిస్టిలరీలు ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళను రానిస్తాయి. ఇనుప జాలీ మెట్లు, వేడి గొట్టాలు ఉంటాయి కాబట్టి చంటిపిల్లలను ఎత్తుకుని వెళ్ళనివ్వరు. నియమాలు చోటుకో రకం, బుక్ చేసే ముందే చదువుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వస్తే మెట్లెన్ని ఉన్నాయో కూడా అడగండి, పాత భవనాల్లో లిఫ్టులుండవు.

తాగనివాళ్ళకు రోత్స్‌లోని గ్లెన్ గ్రాంట్ బాగుంటుంది. వెనకాల వాగు వెంబడి పెద్ద తోట ఉంది, ఒకరు టూర్‌కు వెళ్తే మిగతావాళ్ళు హాయిగా అక్కడ తిరగొచ్చు.

రుచి ఎలా చూడాలి?

ఆ రోజు సెంటు పూసుకోకండి, వక్కపొడి, సోంపు వేసుకోకండి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి. గ్లాసును ముక్కుకు ఆనించకుండా, నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. అప్పుడు ఘాటు ముక్కుకు ఎక్కదు. మొదటి గుటక చాలా చిన్నది, నాలుకను సిద్ధం చేయడానికే. రెండోదాంట్లో రుచి వెతకండి.

నీళ్ళు కలపడం తప్పేమీ కాదు. పీపా నుంచి తీసిన 58 శాతం విస్కీ 20 మి.లీ.లో ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. నీళ్ళు పోస్తే దాదాపు 46 శాతానికి దిగుతుంది. చుక్కచుక్కగా పోసుకుంటూ మధ్యలో వాసన చూస్తే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. పొగ ఉన్నవి చివరికి పెట్టుకోండి. మింగకుండా ఉమ్మేయాలనుకుంటే గిన్నె అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

ఫోన్‌తో ఫొటోలు తీయొచ్చా?

బయట తీయొచ్చు. మర గదిలో దుమ్ము, కాగుల గదిలోనూ గోదాములోనూ ఆల్కహాల్ ఆవిరి ఉంటాయి, చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే కొన్నిచోట్ల ఫోన్ ఆపేయమంటారు. ముందు మూసి ఉన్న, జారని బూట్లు వేసుకోండి. చెప్పులతో వస్తే మెట్ల దగ్గరే ఆపేయొచ్చు.

సీసా డిస్టిలరీలోనే కొంటే చవకా?

కాదు. అదే సీసా ఊళ్ళో దుకాణంలో తక్కువకే దొరకవచ్చు. అక్కడ కొనాల్సింది బయట దొరకనిదే: డిస్టిలరీకే పరిమితమైన సీసా, లేదా పీపా నుంచి మీ చేత్తో నింపుకునేది. మిగతావాటికి ఎల్గిన్‌లో 1895 నుంచి ఉన్న గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ లాంటి దుకాణం మేలు.

స్కాట్లాండ్‌లో సీసా మద్యం ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే అమ్ముతారు. పొద్దున్నే తొమ్మిదిన్నర టూర్ ఉంటే, బిల్లు కోసం పది దాకా ఆగాలి. పర్యాటకులకు వ్యాట్ పన్ను తిరిగిచ్చే పద్ధతి 2020తో ముగిసిపోయింది, ఆ కాగితాల కోసం వెతకకండి.

మన దేశంలోనే ఏదైనా చూడొచ్చా?

దక్షిణ గోవాలోని కుంకోలింలో పాల్ జాన్ డిస్టిలరీకి సందర్శక కేంద్రం ఉంది. స్కాట్లాండ్ వెళ్ళేముందు చూస్తే రెండు దేశాల వాతావరణం విస్కీని ఎలా మారుస్తుందో తెలుస్తుంది. స్కాట్లాండ్ పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, మన ఎండలకు అది పది శాతం దాకా ఉంటుంది. అక్కడ పన్నెండేళ్ళకు అందే పక్వం ఇక్కడ కొద్ది ఏళ్ళలో అందడానికి కారణం కూడా ఆ వేడే. బెంగళూరులోని అమృత్ డిస్టిలరీ తన సింగిల్ మాల్ట్‌ను (ఒకే డిస్టిలరీలో బార్లీ మాల్ట్‌తోనే చేసిన విస్కీ) 2004లో గ్లాస్గోలోనే విడుదల చేసింది.

ఇంటికి ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

భారత కస్టమ్స్ పెద్దవాళ్ళలో ఒక్కొక్కరికి రెండు లీటర్లు సుంకం లేకుండా రానిస్తుంది. స్కాట్లాండ్‌లో సీసా 700 మి.లీ. మూడు తెస్తే 2.1 లీటర్లు, ఆ 100 మి.లీ. దగ్గరే చాలామంది పట్టుబడతారు. రెండు పెద్ద సీసాలు, ఒక 500 మి.లీ. సీసా అయితే 1.9. దాటితే రెడ్ చానెల్‌లో చెప్పి సుంకం కట్టాలి.

డిస్టిలరీలో కొన్నవి చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. విమానంలో 24 నుంచి 70 శాతం మధ్య ఉన్న మద్యం మనిషికి ఐదు లీటర్ల దాకా, సీలు విప్పకుండా తీసుకెళ్ళొచ్చు. 70 దాటితే అసలు ఎక్కనివ్వరు. మీ చేత్తో నింపుకున్న సీసాకు సీలు, లేబుల్, శాతం అంకె సరిగా ఉన్నాయో చూసుకోండి. ఒక్కో సీసా డబ్బాతో కలిపి కిలోన్నర దాకా తూగుతుంది. స్వెటర్‌లో చుట్టి పెట్టె మధ్యలో, బూట్లకు దూరంగా పెట్టండి.

విమానాశ్రయంలో కొన్న డ్యూటీ ఫ్రీ సీసాల సంచిని దుబాయ్, దోహాల్లో విప్పకండి, బిల్లు బయటికి కనబడేలా లోపలే ఉండాలి. శంషాబాద్‌లో దిగి విజయవాడకో విశాఖకో మరో విమానం ఎక్కేవాళ్ళు, కస్టమ్స్ దాటగానే ఆ సంచిని కూడా చెక్-ఇన్ పెట్టెలోకి మార్చేయండి. లేకపోతే దేశీయ సెక్యూరిటీ దగ్గర దాన్ని అక్కడే వదిలి రావాల్సి వస్తుంది.